కోసిన అంచులు

ఎదురు బెంచీ మీద కూర్చున్న ఆయన ప్యాంటు కుడికాలు ఎడమకాలి కంటే అరంగుళం పొట్టిగా కనిపిస్తోంది. కుట్టినవాడు ఒక కాలికే కొలత తీసి రెండోదానికీ అదేలే అని వదిలేసి ఉంటాడు. ఎవరి కాళ్ళూ సరిసమానంగా ఉండవని ఇరవై ఏళ్ళు మిషను తొక్కితే గానీ ఒంటబట్టదు. ఆయన పక్కన కూర్చున్న ఆవిడ జాకెట్టు భుజం కుట్టు రెండు వేళ్ళు కిందికి జారింది, ఎవరిదో తెచ్చి తొడుక్కున్నట్టుంది. చూడకూడదనుకుంటూనే చూస్తాను, ఇది నా వృత్తి నాకు అంటించిన జబ్బు. అయినా ఈ రోజు కావాలనే చూస్తున్నాను. చూడటం మానేస్తే ఆలోచన మొదలవుతుంది, మొదలైతే అది తిన్నగా వెళ్ళి ఆ చివర ఎక్స్‌రే గది తలుపు దగ్గర నిలబడుతుంది. లోపల నా పెద్దకూతురు ఎడమచెయ్యి పలక మీద బోర్లా పెట్టి కదలకుండా ఉండి ఉంటుంది. నన్ను రావద్దంది. పదమూడేళ్ళొచ్చాయి, చేతికి ఫోటో తీయించుకోవడానికి తోడెందుకంది. నిజమే, ఎందుకు. పొద్దున బస్సులో కిటికీ పక్కన కూర్చుని, బయటికి చూస్తూనే అన్న మాట ఇంకా చెవిలో తిరుగుతోంది. "అమ్మా, ఈ రోజు డాక్టరమ్మతో నేనే చెప్పేస్తాను, సూదులు ఇక చాలని. చాలా పెరిగాను కదా." చాలా పెరిగాను కదా అని నన్నే అడిగింది. నేను టిక్కెట్టు కోసం సంచీలో వెతుకుతున్నట్టు నటించాను, టిక్కెట్టు చేతిలోనే ఉంది.

కాళ్ళు లాగుతున్నాయి. రాత్రి పదకొండు స్కూలు చొక్కాలకు కాజాలు కుట్టి పడుకున్నాను, నడుము ఇంకా మిషను ముందు వంగిన వంపులోనే ఉంది. గోడకి చేరగిలబడితే చల్లగా ఉంటుంది గానీ అక్కడ ఎవరివో తలనూనె మరకలు. ఈ బెంచీ నాకు మా ఇంటి గుమ్మం కంటే బాగా తెలుసు, మూడో కాలు ఊగుతుంది, మధ్యలో కూర్చుంటే ఊగదు. నాలుగేళ్ళ క్రితం మొదటిసారి ఇక్కడే కూర్చున్నప్పుడు పెద్దది నా ఒళ్ళో పట్టేది, తొమ్మిదేళ్ళ పిల్ల ఒళ్ళో పట్టడం ఏమిటని నాకు అప్పుడైనా తోచలేదు. ఇంట్లో దాన్ని పొట్టీ అని పిలిచేవాళ్ళం, ముద్దుకే. ఆడపిల్లలు ఒక్కసారిగా సాగుతారులే, తొందరేముందని వాళ్ళ నాన్న అనేవాడు. డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. ఆడపిల్లలకు ఎక్స్ అనేది రెండుండాలట, మా పిల్లకి ఒకటే ఉందట, అందుకే ఎత్తు రాదు, మెడ కాస్త వెడల్పుగా ఉంటుంది, ఈడు దానంతటది రాదు, మందులతో తేవాలి. గుండె కూడా ఓసారి చూపించమంది, చూపించాం, బాగానే ఉంది. ఎవరి తప్పూ కాదమ్మా అని రెండుసార్లు చెప్పింది. రెండుసార్లు చెప్పారంటే ఎవరిదో ఒకరిది తప్పే అయి ఉంటుందని ఇంటికెళ్ళేదాకా అనుకుంటూనే ఉన్నాను. జానెడు తక్కువ పడ్డ గుడ్డలోంచి కూడా నిండు గౌను తీసినదాన్ని, కడుపులో ఉన్నదానికి మాత్రం చాలినంత ఇవ్వలేకపోయానా అని ఏడ్చాను. ఆ రోజు నుంచి పొట్టీ అన్న మాట ఇంట్లో ఎవరి నోటా రాలేదు. చాలా రోజులు నాలుక చివరిదాకా వచ్చి ఆగేది.

మా ఇంట్లో బట్టలు వెనక్కి నడుస్తాయి. ఎక్కడైనా అక్క బట్టలు చెల్లికి వస్తాయి, మా దగ్గర చిన్నది విడిచినవి పెద్దదానికి వస్తాయి. చిన్నది రెండేళ్ళు చిన్న, తలెత్తి చూస్తే గానీ అక్కకి దాని ముఖం కనపడదు. అందుకని చిన్నది విడిచిన గౌను నేను ఉన్నదున్నట్టు ఎన్నడూ ఇవ్వలేదు, కుట్లన్నీ విప్పి, గుడ్డ తిరగేసి, మెడ మార్చి, చేతులు మార్చి, కొత్తదానిలా చేసి ఇచ్చాను. మెడ వెడల్పు కనపడకుండా నిలువు కాలరు పెట్టాను. అది చూసి మా వీధిలో నలుగురు తమ పిల్లలకి కూడా అదే కాలరు పెట్టమన్నారు. కొత్త ఫ్యాషనా అక్కా అని అడిగితే అవునన్నాను. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, మిషను చప్పుడులో రెండూ కలిసిపోయాయి. ఇలా చూస్తే నేను మొదటి నుంచీ ఏదో ఒకటి దాస్తూనే ఉన్నాను. కాలరుతో మెడ దాచడం వేరు, అంచు కొయ్యడం వేరు అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. ఏమంత వేరు.

మొదటి ఏడాది ఎత్తు పెరిగే మందు నిజంగానే పట్టింది. అది నేను చూసింది, నా టేపు చూసింది. పెన్నులాంటి సూది, రోజూ పడుకోబోయే ముందు, ఒక రోజు కుడి తొడ, ఒక రోజు ఎడమ తొడ, ఒక రోజు పొట్ట, క్యాలెండరు మీద గుర్తు. స్కూలు స్కర్టు మోకాలి కింద నుంచి మోకాలి మీదికొచ్చింది. పెద్దది అద్దం ముందు నిలబడి స్కర్టు అంచుని వేలితో కొట్టి, పొట్టయిపోయింది అమ్మా, అని అరిచింది. పొట్టయిపోయింది అన్న మాట మా ఇంట్లో పండగ మాట అయింది. అంకెలతో మాత్రం దానికి పడలేదు. ఓసారి కొలతల సిస్టర్ ఎత్తు పైకి చదివితే, వరుసలో నిలబడ్డ ఆరేళ్ళ పిల్లాడు వాళ్ళమ్మతో, నాకూ అంతే ఉందన్నాడు. వాడి తప్పు కాదు. కానీ ఆ రోజు బస్సంతా అది తల వంచుకుని, ఇకమీద నంబరు నాకు చెప్పొద్దు, నువ్వు చూసుకో, నేను చూడను అంది. సరేనన్నాను. అప్పటి నుంచి కొలబద్ద కింద నిలబడి కళ్ళు గట్టిగా మూసుకుంటుంది, సిస్టర్ రాసుకుంటుంది, నేను చూస్తాను, పెద్దదానికి స్కర్టే కొలబద్ద. బాగానే ఉందనుకున్నాను. దర్జీదాని కూతురికి గుడ్డ చెప్పిందే లెక్క.

రెండో ఏడాది రెండో ఆరునెలల్లో రెండు సెంటీమీటర్లే పెరిగింది. మొదట దూకుడుగా పెరిగి తర్వాత నెమ్మదించడం మామూలేనని డాక్టరమ్మ అంది, నేను తల ఊపాను. ఆ వారంలోనే పెద్దది స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. వేసుకోను, నొప్పి, ఏం ఉపయోగం, స్కర్టు అలాగే ఉంది కదా అని లోపలి నుంచే అరిచింది. వాళ్ళ నాన్న బయట నిలబడి బతిమాలాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి, ఇరవై అంతస్తుల గోతిలోకి తాడు పట్టుకుని దిగుతాడు గానీ సూది చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఆ రోజు మందు పడలేదు. మర్నాడు అది రెండో జత వేసుకుని స్కూలుకెళ్ళాక స్కర్టు మిషను మీద పెట్టాను. కుట్టు విప్పాను. వేలి వెడల్పు కోశాను. మళ్ళీ మడిచి కుట్టాను. పొడవు పెంచితే పాత మడత గీత మిగిలిపోతుంది, రంగు వెలవని గుడ్డ బయటపడి దొరికిపోతాం. తగ్గిస్తే ఏ గుర్తూ మిగలదు. కత్తెర పెట్టేటప్పుడు నా చెయ్యి కొంచెం కూడా వణకలేదు, అదే ఇప్పుడు నాకు భయంగా ఉంది. రెండు రోజుల తర్వాత తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. మోకాలు చూసుకుంది. నవ్వింది. ఆ రోజు పడుకునే ముందు తనే వచ్చి తొడ చూపించింది.

ఒక్కసారేనని అనుకున్నాను. కానీ ఒకసారి పొట్టయిన స్కర్టు పక్కన మిగతావి పొడుగ్గా ఉంటే అనుమానం రాదూ. అందుకని అన్నీ. కొత్తవి కుట్టేటప్పుడు కాస్త పొడుగ్గా కుట్టి ఆరునెలలకి వేలి వెడల్పు, మళ్ళీ ఆరునెలలకి వేలి వెడల్పు. కొంత అదీ పెరుగుతూనే ఉంది, కొంత నేను కోస్తూనే ఉన్నాను, ఏ గౌనులో ఎంత దానిది ఎంత నాది అని ఇప్పుడు నన్నే అడిగితే చెప్పలేను. వాళ్ళ నాన్న కూడా నమ్మాడు. మందు బాగా పట్టింది, గౌన్లు నిలవడం లేదు అని పనిచేసే చోట అందరికీ చెప్పుకున్నాడు, ఓ రోజు అందరికీ టీ కూడా ఇప్పించాడట. కోసిన ముక్కలు పారెయ్యబుద్ధి కాలేదు. మంచి గుడ్డ. తలకి పెట్టుకునే పట్టీలు కుట్టాను, గౌనుకి సరిపోయే రంగు పట్టీ. వాళ్ళ క్లాసు పిల్లలు మీ అమ్మ భలే కుడుతుందే అన్నారట. గుడ్డ మిగిలిందా అమ్మా అని అడిగేది, మిగిలిందనేదాన్ని. ఇదే పిల్ల ఓ రోజు వచ్చి, నాకు పిల్లలు పుట్టరా అమ్మా అని సూటిగా అడిగితే, మామూలుగా పుట్టరమ్మా, వేరే దారులేవో ఉన్నాయట, పెద్దయ్యాక చూద్దాం అని సూటిగానే చెప్పాను. ఇద్దరం కాసేపు ఏడ్చి లేచాం. అంత పెద్ద నిజం చెప్పగలిగినదాన్ని, వేలి వెడల్పు అబద్ధం దగ్గర నా నోరు ఎందుకు పడిపోయిందో నాకే తెలియదు. తల్లినని అనుకోవాలా, పిరికిదాన్నని అనుకోవాలా.

ఇప్పుడు అదే అబద్ధం దానితో సూది మానిపిస్తుంది. సూది వేసుకోవడానికని మొదలుపెట్టింది సూదికే అడ్డొచ్చింది. పోయినసారి డాక్టరమ్మ, ఎముకల్లో ఇంకా చోటుంది, ఏడాదో ఏడాదిన్నరో వెయ్యాలి, ఈడుకి సంబంధించిన మాత్ర కూడా చిన్న మోతాదులో మొదలుపెడదాం అంది. మాత్ర వేస్తే ఎదుగుదల ఆగిపోతుందేమోనని నేను వాయిదా అడిగాను, పిల్లని అడగకుండానే. ఆవిడ కళ్ళజోడు తీసి, ఈసారి అమ్మాయినే అడుగుతాను, ఒళ్ళు తనది అంది. ఈసారి అంటే ఈ రోజు. ఇంకాసేపట్లో నా కూతురు ఆ గదిలోకి వెళ్ళి, పొట్టయిన గౌన్ల లెక్క చూసి, చాలు అంటుంది. స్కూలు వాళ్ళు వారం రోజుల ప్రయాణం పెట్టారు, మందు చల్లగా ఉంచే డబ్బా మోసుకుని వెళ్ళాలంటే దానికి సిగ్గు, చాలంటే డబ్బా గొడవ పోతుంది. నేను నోరు మూసుకుంటే ఇంకా పెరగాల్సిన నాలుగైదు సెంటీమీటర్లు పోతాయి, ఎముక మూసుకున్నాక ఏ కత్తెరా తెరవలేదు. నోరు తెరిస్తే నేను పోతాను. అలసటగా ఉంది. ఇంత అలిసిపోయిన మనిషిని ఇలాంటివి తేల్చమనడం అన్యాయం అనిపిస్తుంది, ఎవరితో అనాలో తెలియదు. నాలుగేళ్ళుగా ఒక్క రోజైనా ఈ మందు సంగతి మర్చిపోయి పడుకున్నానా.

తలుపు తెరుచుకుంది. పెద్దది వస్తోంది. కవరు రెండు చేతులతో పట్టుకుని, గోడ పక్కగా, ఎప్పుడూ నడిచినట్టే త్వరత్వరగా. బూడిదరంగు గౌను, తలకి అదే రంగు పట్టీ. వచ్చి బెంచీ ఊగే వైపున కూర్చుంది, కాళ్ళు నేలకి ఆనాయి. పోయిన ఏడాది ఆనేవి కావు. అది నిజం, అది నేను కోసింది కాదు. దాన్ని చూసేసరికి నాకు ధైర్యం వచ్చిందో, ఇక ఓపిక లేకనో, మాట బయటికొచ్చింది.

"పెద్దా, నీకొకటి చెప్పాలి."

"నంబరైతే వద్దు."

"నంబరు కాదు. నీ బట్టలు."

చెప్పాను. గట్టిగా చెప్పలేదు, ఎదురాయన వింటాడేమోనని నా పాదాల వైపు చూస్తూ చెప్పాను, స్నానాల గది రోజు నుంచి మొదలుపెట్టి. మధ్యలో ఒకసారి నీ మంచికేనన్నాను, అనగానే నాకే వినబుద్ధి కాలేదు, ఆ మాట ఇంక వాడలేదు. అది కవరు ఒళ్ళో పెట్టుకుని గౌను అంచు తిప్పి చూసింది. కుట్టు మీద గోరుతో గీరింది. నా కుట్టు అందంగా ఉంటుంది, పురుగులాంటి చిన్న చిన్న కుట్లు, వెతికినా దొరకవు.

"ఇదీనా?"

"అదీ."

"స్కూలు డ్రెస్సు?"

"అదీ."

"మొదటి ఏడు, నీలంది. పుట్టినరోజుది."

"అది నిజంగానే పొట్టయిందమ్మా. ఆ ఏడు నువ్వు బాగా పెరిగావు. ఇప్పుడూ పెరుగుతున్నావు. నెమ్మదిగా, అంతే."

"ఎలా నమ్మను?"

కోపంగా అడిగి ఉంటే ఏదో ఒకటి అనేదాన్ని. అంగట్లో గుడ్డ ధర అడిగినట్టు మామూలుగా అడిగింది. తర్వాత చెయ్యి తల మీదికి వెళ్ళింది. పట్టీ తీసి చూసింది, తిప్పింది, దాని వెడల్పు తన వేలికి ఆనించుకుంది. "మిగిలిందన్నావు," అంది. మడిచి నా ఒళ్ళో పెట్టింది. జుట్టు ముఖం మీద పడింది, సర్దుకోలేదు. ఏడుస్తుందేమో, పట్టుకుందామని చెయ్యి సగం ఎత్తాను, అది ఏడవలేదు, ఎత్తిన చేతిని ఎక్కడ పెట్టాలో తెలియక నా మోకాలి మీదే పెట్టుకున్నాను. వరండాలో ఎవరిదో చంటిపిల్ల ఏడుస్తోంది. ఎదురాయన్ని పిలిచారు, ఆ కుంటి ప్యాంటు వెళ్ళిపోయింది. నాకు విచిత్రంగా నిద్ర వచ్చింది. బరువైనది దింపి కిందపెట్టాక వచ్చే నిద్ర లాంటిది. దింపినది దాని మీద పెట్టానని గుర్తొచ్చి మేలుకున్నాను.

మమ్మల్ని పిలిచారు. నేను లేవబోతే ఆగమనలేదు, రమ్మననూ లేదు, ముందు నడిచింది. కొలతల సిస్టర్ చెప్పులు విడవమంది, మడమలు గోడకి ఆనించమంది, పైనుంచి చెక్క దింపింది. పెద్దది కళ్ళు మూసుకోలేదు. "పైకి చదవండి," అంది. సిస్టర్ అలవాటుగా నా వైపు చూసింది. "అమ్మ వైపు కాదు. నాకు చెప్పండి." సిస్టర్ చెప్పింది, నూట ముప్పై నాలుగున్నర. పెద్దది ఆ అంకెని పెదవులతో ఒకసారి అనుకుంది. డాక్టరమ్మ ఎక్స్‌రే దీపం ముందు పెట్టి వేళ్ళ ఎముకల చివర సన్నటి ఖాళీలు చూపించింది, ఇవి మూసుకునేదాకా పెరగొచ్చు, చిన్న మోతాదు మాత్రకి అవేం వెంటనే మూసుకుపోవు, రెండూ కలిసి నడుస్తాయి అంది. ఆరునెలలు నేను ఊరికే ఆపాను. ఇంకా ఎంత పెరుగుతానని పెద్దది అడిగింది. నాలుగో అయిదో సెంటీమీటర్లు, రాసిచ్చి చెప్పలేనమ్మా, ఆపేస్తానన్నా నీ ఇష్టమే అంది డాక్టరమ్మ. "పోయిన ఏడు నిజంగా ఎంత పెరిగాను?" ఫైలు తిరగేసి, మూడున్నర అంది.

పెద్దది చాలాసేపు ఫైల్లోని ఎత్తుల కాగితం చూసింది, నాలుగేళ్ళ చుక్కలు, చుక్కలు కలుపుతూ గీత. "మాత్ర ఇవ్వండి," అంది. "సూదులు ఇంకో ఏడాది వేసుకుంటాను. కానీ నేనే వేసుకుంటాను. అమ్మ వెయ్యొద్దు."

సరే అని డాక్టరమ్మ అంది. నేను కూడా సరే అన్నాను, నన్నెవరూ అడగకపోయినా. గెలిచినట్టే లెక్క, నాలుగైదు సెంటీమీటర్లూ దక్కాయి, మరి నా చేతులు రెండూ ఇంత ఖాళీగా ఎందుకున్నాయో. సిస్టర్ స్పాంజి దిండు తెచ్చి బల్ల మీద పెట్టింది, మందు లేని పెన్ను ఇచ్చింది. పెద్దది కుర్చీ ముందుకి జరుపుకుంది. మొదటిసారి బొటనవేలు పక్కకి జారింది, అలా కాదు కొంచెం పైకి అనబోయి పెదవి కొరుక్కున్నాను. రెండోసారి సరిగ్గా గుచ్చింది. మీట నొక్కాక పది లెక్కపెట్టి గానీ తియ్యకూడదమ్మా, మందు కారిపోతుంది అని సిస్టర్ చెప్పింది. నేనెప్పుడూ ఏడు దాటగానే మిగతావి గబగబా కలిపేసి సూది లాగేసేదాన్ని, త్వరగా అయిపోతే నొప్పి తగ్గుతుందని. నా కూతురు పైకి, ఒక్కొక్క అంకె, తొందర లేకుండా లెక్కపెట్టింది. ఏడు అంది. ఎనిమిది అంది. తొమ్మిది అంది. పది అని, సూది తీసి, మూత పెట్టి, ఇంకోసారి వేసి చూస్తానని సిస్టర్‌ని అడిగింది.